444 అన్నా 483 అన్నా ఒకటే: ఎక్కడో దూరంగా ఉన్న తప్పు గోషే ఎంజైమ్‌ను ఎలా చెడగొడుతుంది?

అనంతపురం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. వాళ్ల అక్కను మేనమామకే ఇచ్చారు. అక్క కొడుక్కి ఆరేళ్లు. కడుపులో బల్ల (స్ప్లీన్) పెరిగి, ప్లేట్‌లెట్లు పడిపోతే పరీక్షలు చేసి గోషే వ్యాధి అన్నారు (మన ఆసుపత్రుల్లో చాలామంది గౌచర్ అని చదువుతారు, అదే ఇది). జీన్ రిపోర్టులో "పి.ల్యూ483ప్రో, హోమోజైగస్" (జీన్ రెండు కాపీల్లోనూ ఇదే తప్పు) అని ఉంది. డాక్టరుగారేమో "ఎల్444పి" అన్నారు. "రెండింట్లో ఏది నిజం? ఈ ఎంజైమ్ పని చేసే చోటు 235, 340 నంబర్ల దగ్గర ఉంటుందని చదివాను. 444 అంత దూరంలో ఉంది కదా, పని చేసే చోటు బాగానే ఉన్నట్టే కదా? మరి జబ్బెందుకు వచ్చింది?"

ముందు సూటిగా జవాబు. రెండు నంబర్లూ ఒకే తప్పుకు రెండు పేర్లు: ప్రోటీన్ దారంలో పూసల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఆ చోట ల్యూసిన్ పోయి ప్రోలిన్ వచ్చింది. మీరు ఊహించింది కూడా చాలావరకు నిజమే, పని చేసే చోటులో అమైనో ఆమ్లం మారలేదు. పాడైంది మడత. సరిగ్గా మడత పడని ఎంజైమ్‌ను కణం తన లోపలే పట్టుకుని ముక్కలు చేసేస్తుంది. చేరాల్సిన లైసోజోమ్‌కు (కణంలో చెత్తను అరిగించే సంచి) చేరేది కొద్దిగానే.

నేను కర్నూలులో వైద్య విద్యార్థులకు చాలా ఏళ్లు బయోకెమిస్ట్రీ చెప్పాను. అంతకు ముందు కొన్నాళ్లు ప్రోటీన్ల స్ఫటికాలు పెంచే ల్యాబ్‌లో పని చేశాను. నేను పిల్లల డాక్టర్ని కాను. కాబట్టి ఎంజైమ్ గురించి ధైర్యంగా చెబుతాను, వైద్యం సంగతి వచ్చినచోట మీ డాక్టరు మాటే చివరి మాట.

నంబర్ల గొడవ ముందు తేల్చేద్దాం. ఈ ఎంజైమ్ పేరు గ్లూకోసెరెబ్రోసైడేజ్. కణంలో ఇది 536 అమైనో ఆమ్లాల దారంగా తయారవుతుంది. అందులో మొదటి 39 పార్సిల్ మీద అంటించిన చిరునామా చీటీ లాంటివి. దారం ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోకి (కణంలో ఇలాంటి ప్రోటీన్లు మడత పడే గది) వెళ్లాక ఆ చీటీని కోసేస్తారు. మిగిలేవి 497. పాతకాలం లెక్క చీటీ కోశాక మిగిలిన దారం మీద మొదలవుతుంది, కొత్త లెక్క చీటీతో కలిపి మొదలవుతుంది. 444కు 39 కలపండి, 483 వస్తుంది. అంతే. ఇంకో ప్రసిద్ధమైన మ్యుటేషన్ (జీన్‌లో తప్పు) ఎన్370ఎస్ కూడా కొత్త రిపోర్టుల్లో 409 అని కనిపిస్తుంది. మీరు చదివిన 235, 340 పాత లెక్కవి.

చిన్న విషయమే అనిపిస్తుంది గానీ, దీనివల్ల ఇళ్లల్లో గొడవలు జరగడం చూశాను. ఒక జంట నా దగ్గరికి రెండు రిపోర్టులు తెచ్చారు. భర్తది ఒక ల్యాబ్‌లో, పాత లెక్కలో. భార్యది ఇంకో ల్యాబ్‌లో, కొత్త లెక్కలో. "మా వైపుది వేరే లోపం, వాళ్ల వైపుది వేరే లోపం" అని రెండు కుటుంబాలూ ఏడాదిగా మాటా మాటా అనుకుంటున్నాయి. కాగితం మీద కూడిక చేసి చూపించాను. ఆ తర్వాత ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు విషయం. "444 అంత దూరం" అని మీరు అన్నది దారం పొడవునా లెక్కపెడితే వచ్చే దూరం. ఎంజైమ్ దారంలా ఉండదు, చుట్టుకుని ఉంటుంది. మా వైపు పెద్దవాళ్లు రుమాలు చుట్టుకోవడం చూసే ఉంటారు. గుడ్డ మొదటి కొసను తల మీద పెట్టి, చుట్లు చుట్టి, ఆఖరి కొసను తెచ్చి మొదటి చుట్టు కిందే దోపుతారు. గుడ్డ పరిచి కొలిస్తే రెండు కొసల మధ్య గజాల దూరం. చుట్టాక రెండూ ఒకే చోట, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

గ్లూకోసెరెబ్రోసైడేజ్ సరిగ్గా ఇలాగే ఉంటుంది. దీని త్రిమితీయ ఆకారాన్ని మొదటిసారి 2003లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 2 ఆంగ్‌స్ట్రామ్‌ల (అణువులను కొలిచే అతి చిన్న కొలమానం) స్పష్టతతో బయటపెట్టారు. దాని ప్రకారం ఎంజైమ్‌లో మూడు భాగాలున్నాయి.

పెద్దది మూడో భాగం. ఎనిమిది బీటా పట్టీలు (దారంలో చాపినట్టుండే ముక్కలు) లోపల వలయంగా నిలబడి, వాటి చుట్టూ ఎనిమిది హెలిక్స్‌లు (స్ప్రింగులా మెలి తిరిగిన ముక్కలు) ఉంటాయి. పీపా ఆకారం. దీన్ని టిమ్ బారెల్ అంటారు, ప్రకృతికి బాగా ఇష్టమైన కట్టడాల్లో ఇదొకటి. మీరు చెప్పిన 235, 340 ఈ పీపా నోటి దగ్గరే ఉన్నాయి. రెండూ గ్లుటామిక్ ఆమ్లాలే. 340 నేరుగా వెళ్లి గ్లూకోజ్‌ను పట్టుకుంటుంది, 235 ప్రోటాన్ ఇచ్చి తీసుకుని సాయం చేస్తుంది. ఇద్దరూ కలిసి గ్లూకోసిల్‌సెరమైడ్ అనే కొవ్వు నుంచి గ్లూకోజ్‌ను విడదీస్తారు. రోజూ చచ్చే ఎర్ర, తెల్ల రక్తకణాల పొరల్లోంచి ఈ కొవ్వు వస్తూనే ఉంటుంది. దాన్ని శుభ్రం చేసే మాక్రోఫేజ్‌లలో ఈ ఎంజైమ్ లేకపోతే కొవ్వు అక్కడే పేరుకుంటుంది. అలాంటి కణాలు ఎక్కువగా ఉండేది స్ప్లీన్‌లో, కాలేయంలో, ఎముక మూలుగలో. బల్ల పెరగడం, ప్లేట్‌లెట్లు తగ్గడం, ఎముకల నొప్పి అన్నీ అక్కడినుంచే.

ఒకటో భాగం చిన్నది. 1 నుంచి 27 వరకు ఉన్న ముక్క, 383 నుంచి 414 వరకు ఉన్న ముక్క కలిసి అది ఏర్పడుతుంది.

మీకు కావలసింది రెండో భాగం. ఇది 30 నుంచి 75 వరకు ఉన్న ముక్కతో, 431 నుంచి 497 వరకు, అంటే దారం ఆఖరి కొసతో తయారవుతుంది. మొదటి చుట్టు, దోపుడు కొస. యాంటీబాడీల్లో కనిపించే ఆకారం లాంటిదే, రెండు బీటా పలకలు ఎదురెదురుగా అతుక్కుని మధ్యలో నీరు చొరబడని జిడ్డు గర్భం ఉంటుంది. 444 స్థానంలో ఉండాల్సిన ల్యూసిన్ సరిగ్గా ఆ గర్భంలో కూర్చుంటుంది. ల్యూసిన్ నీటికి దూరంగా ఉండే జిడ్డు స్వభావం గలది, ఆ చోటుకు అచ్చంగా సరిపోతుంది.

ల్యూసిన్ పోయి ప్రోలిన్ వస్తే ఏమవుతుంది? మిగతా అమైనో ఆమ్లాలకూ ప్రోలిన్‌కూ ఒక తేడా ఉంది. దాని పక్క గొలుసు వెనక్కి తిరిగి సొంత వెన్నెముకకే అతుక్కుని ఉంగరం అవుతుంది. అందుకని బిగుసుకుపోతుంది, తిప్పితే తిరగదు. పైగా పక్క పట్టీతో హైడ్రోజన్ బంధం వేసుకోవడానికి దాని దగ్గర హైడ్రోజన్ మిగలదు. బీటా పలకకు అలాంటి బంధాలే కుట్లు. కుట్టు పడాల్సిన చోట కుట్టు లేదు, జిడ్డు గర్భంలో నిండాల్సినది నిండలేదు. దోపుడు కొస దోపినట్టే ఉంటుంది గానీ నిలవదు. రుమాలు మొత్తం వదులవుతుంది.

ఇక్కడ చాలామంది, మా విద్యార్థులతో సహా, ఒక పొరపాటు చేస్తారు. వదులైన ఎంజైమ్ లైసోజోమ్‌కు వెళ్లి, అక్కడ సరిగా పని చేయక ఊరుకుంటుంది అనుకుంటారు. అది కాదు. తయారయ్యే చోటే, అంటే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోనే, తనిఖీ ఉంటుంది. మడత సరిగా పడనివాటిని అక్కడున్న ప్రోటీన్లు పట్టుకుని, ఇంకోసారి మడవడానికి ప్రయత్నించి, కుదరకపోతే బయటికి నెట్టి ముక్కలు చేయిస్తాయి. పరీక్షలో పాసైనవాటిని లింప్-2 అనే ప్రోటీన్ చెయ్యి పట్టుకుని లైసోజోమ్‌కు తీసుకెళుతుంది. (మిగతా లైసోజోమ్ ఎంజైమ్‌లలో ఎక్కువభాగం మానోజ్-6-ఫాస్ఫేట్ అనే గుర్తుతో వెళతాయి. ఇది మాత్రం ఆ దారిలో పోదు. పరీక్షల్లో నాకు ఇష్టమైన ప్రశ్న, సగం మంది తప్పు రాసేవారు.)

కాబట్టి మీ మేనల్లుడి ఒంట్లో ఎంజైమ్ తయారు కావడం లేదు అనుకోవద్దు. తయారవుతోంది. ఎక్కువభాగం గుమ్మం దాటడం లేదు. దాటినది ఎంతో కొంత పని చేస్తుంది. ఆ "ఎంతో కొంత" ఒక్కో మనిషిలో ఒక్కోలా ఉంటుంది, అందుకే ఒకే మ్యుటేషన్ ఉన్న ఇద్దరు పిల్లల్లో జబ్బు తీవ్రత వేరుగా కనిపిస్తుంది.

పోల్చి చూడటానికి ఎన్370ఎస్ ఒకటి చెబుతాను. ఇది అష్కెనాజీ యూదుల్లో చాలా ఎక్కువ. ఇదీ పని చేసే చోటుకు దూరమే, పీపాకూ రెండో భాగానికీ మధ్య అతుకు దగ్గర ఉన్న హెలిక్స్‌లో ఉంటుంది. కానీ మడత మరీ అంతగా చెడదు, ఎంజైమ్ కొంత లైసోజోమ్‌కు చేరుతుంది. ఒక్క కాపీ అయినా ఎన్370ఎస్ ఉంటే సాధారణంగా మెదడు, నరాలు దెబ్బతినే రకం రాదు. మన దేశంలో మాత్రం ఎక్కువగా కనిపించేది ఎల్444పినే. రెండు కాపీలూ ఎల్444పి అయితే నరాలకు సంబంధించిన మూడో రకం వచ్చే అవకాశం ఎక్కువ. తప్పక వస్తుందని కాదు. స్వీడన్ ఉత్తరాన నార్‌బాటెన్ అనే ప్రాంతంలో మూడో రకం గుంపుగా కనిపించింది, అక్కడా ఇదే మ్యుటేషన్.

మూడో రకానికి తొందరగా కనిపించే గుర్తు చూపులో ఉంటుంది. బాబు ఎడమ నుంచి కుడికి చటుక్కున చూపు తిప్పలేక, దానికి బదులు తల విసిరినట్టు తిప్పుతాడు, లేదా చూపు తిప్పే ముందు రెప్ప కొడతాడు. ఒక తల్లి నాతో "మా వాడు ఎవరైనా పిలిస్తే కోడిపుంజులా తల తిప్పుతాడు సార్, అలవాటేమో అనుకున్నాం" అంది. అలవాటు కాదు. మీ మేనల్లుడి చూపును నరాల డాక్టరుతో ఒకసారి ప్రత్యేకంగా చూపించండి. అందరూ కడుపు మీదే దృష్టి పెట్టి కళ్లను మర్చిపోతారు.

ఇక రిపోర్టును పూర్తిగా నమ్మే ముందు ఒక మెలిక. ఈ జీన్, జీబీఏ1, ఒకటో క్రోమోజోమ్ మీద ఉంది. దాని పక్కనే, సుమారు 16 వేల బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) దూరంలో, దాని నకలు ఒకటి పడి ఉంది. పని చేయని నకలు, సూడోజీన్. ఎక్సాన్ల (జీన్‌లో ప్రోటీన్ తయారీకి పనికొచ్చే భాగాల) వరకు చూస్తే రెంటికీ 96 శాతం పోలిక. ఆ నకలులో సహజంగానే 444 స్థానంలో ప్రోలిన్ ఉంది! దీనివల్ల రెండు ఇబ్బందులు. ఒకటి, చిన్న చిన్న ముక్కలుగా చదివే సీక్వెన్సింగ్‌లో నకలు ముక్కను అసలు ముక్కగా పొరబడవచ్చు. రెండు, తరాల మధ్య ఎక్కడో అసలూ నకలూ కలగలిసిపోయి, నకలులోని పెద్ద ముక్క అసలు జీన్‌లోకి వచ్చి ఉండవచ్చు. అలా మారిన జీన్ కాపీని రీకాంబినెంట్ అల్లీల్ అంటారు. అప్పుడు 444తో పాటు 456 కూడా మారి ఉంటుంది, కొత్త లెక్కలో 483, 495. అలాంటి అల్లీల్ నుంచి పనికొచ్చే ఎంజైమ్ దాదాపు రాదు. ఒక వైపు నుంచి మామూలు ఎల్444పి, ఇంకో వైపు నుంచి రీకాంబినెంట్ వచ్చిన పిల్లవాడికి కూడా 483 దగ్గర "హోమోజైగస్" అనే పడుతుంది. మీ ఇంట్లో మేనరికం కాబట్టి ఒకే పూర్వీకుడి నుంచి ఒకే తప్పు రెండు దారుల్లో వచ్చి ఉండటానికే అవకాశం ఎక్కువ. అయినా తల్లిదండ్రులిద్దరికీ విడివిడిగా, నకలును వేరుచేసి చదివే పద్ధతిలో పరీక్ష చేయించండి.

ఎంజైమ్ పరీక్ష గురించి కూడా ఒక మాట, ఎందుకంటే జీన్ రిపోర్టుకు అది జోడీగా ఉండాలి. తెల్లకణాల్లో ఎంజైమ్ ఎంత ఉందో కొలుస్తారు. ఒక మే నెలలో కర్నూలు నుంచి ఒక పాప రక్తం కొరియర్‌లో పంపారు. ఐస్ ప్యాక్ పెట్టారు గానీ పెట్టె రెండు రోజులు ఎక్కడో ఎండలో పడి ఉంది. గ్లూకోసెరెబ్రోసైడేజ్ బాగా తక్కువ అని రిపోర్టు వచ్చింది. ఇంట్లో ఏడుపులు. నేను రిపోర్టు చూస్తే, అదే రక్తంలో సరిచూసుకోవడానికి కొలిచిన ఇంకో ఎంజైమ్ కూడా అడుగంటి ఉంది. రెండు ఎంజైమ్‌లు ఒకేసారి పడిపోయాయంటే ముందు అనుమానించాల్సింది శాంపిల్‌నే. మళ్లీ తీసి, రాత్రి బస్సులో మనిషితోనే పంపిస్తే అంతా మామూలే. ఆ పాపకు ఉన్నది వేరే సమస్య. మన ఎండలకు ప్రోటీన్ తట్టుకోదు. ఇంకో సంగతి: క్యారియర్లను (ఒక్క కాపీలోనే తప్పు ఉన్నవాళ్లను) ఎంజైమ్ పరీక్షతో తేల్చలేరు. వాళ్ల అంకెలూ మామూలు మనుషుల అంకెలూ కలిసిపోతాయి. దానికి జీన్ పరీక్షే దారి.

మందుల విషయంలో ఆకారం తెలిస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. బయటినుంచి ఇచ్చే ఎంజైమ్‌ను రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. 1991లో మొదట వచ్చినది ప్రసవం తర్వాత వచ్చే మాయ (ప్లాసెంటా) నుంచి తీసినది. 1994 నుంచి కణాల్లో పెంచి తీసిన ఇమిగ్లూసెరేజ్ వచ్చింది. ఎంజైమ్ మీద చక్కెర గొలుసులు ఉంటాయి. వాటి చివర్లను కత్తిరించి మానోజ్ అనే చక్కెర బయటపడేలా చేస్తారు, ఎందుకంటే మాక్రోఫేజ్‌ల మీద మానోజ్‌ను పట్టుకునే కొక్కెం ఉంది. క్యారెట్ కణాల్లో తయారయ్యే ఇంకో రకానికి ఈ కత్తిరింపు అక్కర్లేదు, మొక్క కణమే మానోజ్ చివరతో ఇస్తుంది. చెప్పుకోవలసిన తమాషా ఏమిటంటే, 2003లో ఆకారం కనుక్కున్నది కూడా రోగులకిచ్చే ఈ ఇమిగ్లూసెరేజ్ మందును స్ఫటికాలుగా పెంచే. అందుకోసం చక్కెర గొలుసులను కొంతవరకు తీసేశారు. ఊగులాడే చక్కెరలుంటే స్ఫటికం కట్టడం ఎంత నరకమో నాకు తెలుసు. గాజు పలకకు వేలాడే చుక్కలో మూడు నెలలు కాపు కాసి, చివరికి మెరిసే స్ఫటికం చూసి ఎగిరి గంతేస్తే, అది ఉప్పు అని తేలిన రోజులున్నాయి.

ఈ వైద్యంతో బల్ల తగ్గుతుంది, ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. కానీ అంత పెద్ద ప్రోటీన్ రక్తం నుంచి మెదడులోకి దాటదు. అందుకే కళ్ల సంగతి అంతగా చెప్పాను. కొవ్వు తయారీనే తగ్గించే ఎలిగ్లుస్టాట్ మాత్రలు ఒకటో రకం (నరాలు దెబ్బతినని రకం) ఉన్న పెద్దవాళ్ల కోసం వచ్చినవి, మెదడు విషయంలో అవీ అక్కరకు రావు.

మీరు నెట్‌లో ఎలాగూ చూస్తారు కాబట్టి ఆంబ్రాక్సాల్ గురించి నేనే చెబుతాను. అవును, దగ్గు మందులో ఉండే అదే. ఇది ఎంజైమ్‌ను తయారయ్యే చోటే పట్టుకుని, మడత నిలబడేలా ఊతం ఇస్తుంది, గుమ్మం దాటాక ఆమ్ల వాతావరణంలో వదిలేస్తుంది. రుమాలు కొసకు పిన్నీసు పెట్టినట్టు. ఊహ బాగుంది, జపాన్‌లో నరాల రకం ఉన్న 5 మందికి ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసి 2016లో ఫలితాలు ప్రచురించారు, ఆశాజనకంగానే ఉన్నాయి. కానీ దగ్గు సిరప్ కొని బాబుకు పట్టకండి. ఆ మోతాదు వేరు, పర్యవేక్షణ వేరు, పైగా సిరప్‌లో ఇంకా రెండు మూడు మందులు కలిపి ఉంటాయి.

డబ్బు గురించి మీరు అడగలేదు గానీ అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ 2021 అరుదైన వ్యాధుల విధానంలో గోషే ఒకటో రకం, మూడో రకం రెండూ ఉన్నాయి. గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా 50 లక్షల వరకు సాయం ఉంది. మనకు దగ్గర్లోది హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల సంస్థ) కలిసి ఉన్న కేంద్రం. ఎంజైమ్ మోతాదు బరువును బట్టి ఉంటుంది, పిల్లవాడు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. ఆ 50 లక్షలు ఎన్నాళ్లు వస్తాయో మొదటిరోజే అడగండి.

చివరగా మీ సంగతి. మీ అక్క క్యారియర్ అని తేలినట్టే. అంటే మీ అమ్మానాన్నల్లో కనీసం ఒకరు క్యారియర్, కాబట్టి మీరూ క్యారియర్ అయ్యే అవకాశం కనీసం సగానికి సగం. క్యారియర్‌కు గోషే జబ్బు రాదు. పెద్ద వయసులో పార్కిన్సన్స్ వచ్చే అవకాశం మాత్రం మామూలు కంటే కొంత ఎక్కువ, అయినా ఎక్కువమందికి రాదు, దానికి ఇప్పుడే టెన్షన్ పడకండి. కానీ మీకు పెళ్లి కాకపోయి, ఇంట్లో మళ్లీ సొంతంలోనే సంబంధం చూస్తుంటే, నిశ్చితార్థానికి ముందే ఇద్దరూ పరీక్ష చేయించుకోండి. అక్కాబావలు ఇంకో బిడ్డ అనుకుంటే ప్రతిసారీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది, గర్భంలో మూడో నెలలోనే చూసే వీలుంది. ఈ మాట మీ అవ్వకు నేను చెప్పినంత సూటిగా చెప్పకండి. ఆవిడ తన పుట్టింటి మీద నింద అనుకుంటుంది.

ఒక పని చేయండి. రిపోర్టు రెండో పేజీలో 483 పక్కన 495 అనే నంబరు ఎక్కడైనా, చిన్న అక్షరాల్లో అయినా, ఉందేమో చూసి చెప్పండి. ఉంటే నేను పైన మేనరికం గురించి అన్నమాట మార్చుకోవాలి.